నురగశాస్త్రం (విశాఖ శాఖ)

ఉపోద్ఘాతం

మన దేశంలో శాస్త్రం లేని వస్తువు లేదు. గుర్రానికి శాస్త్రం ఉంది, ఇంటి గుమ్మానికి ఉంది, దొంగతనానికి ఉంది, ఆఖరికి బల్లికీ ఉంది. బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగం వెనక అచ్చేసుకున్న జాతి మనది. అలాంటి జాతి, గ్లాసులో బీరు మీద నురగ ఎంత నిలిస్తే ఏ ఫలమో మాత్రం ఇంతవరకు రాసిపెట్టుకోలేదు. నష్టం రోజూ జరుగుతూనే ఉంది. జగదాంబ సెంటర్ మొదలు గాజువాక దాకా పొద్దుగూకాక ఏ బారులో చెవి ఒగ్గినా ఒకటే వ్యాజ్యం.

"సగం నురగే పోసీసినావేటి తమ్ముడూ!"

"నానేటి సెయ్యను సార్, సీసాల ఉన్నదే వొచ్చింది."

వాది, ప్రతివాది ఇద్దరూ హాజరే. సాక్ష్యం గ్లాసులోనే ఉంది. లేనిదల్లా ప్రమాణగ్రంథం. ఈ లోగా సాక్ష్యం కరిగిపోతుంది, కేసు రేపటికి వాయిదా పడుతుంది. ఆ లోటు పూడ్చడానికే ఈ చిన్న పొత్తం.

శాస్త్రం రాసేవాడు మొదట నాలుగు సంగతులు చెప్పి తీరాలి. విషయం: నురగ. ప్రయోజనం: బిల్లు దగ్గర గొడవ తగ్గడం. సంబంధం: నురగకూ దాని కింది ద్రవానికీ, ఆ ద్రవానికీ మన జేబుకూ ఉన్నది. అధికారి: ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవాడు. నిండనివాడు ఇందులో చెప్పినదంతా కాఫీ నురగకో, ఆర్కే బీచి నురగకో అన్వయించుకోవచ్చు, దోషం లేదు. ఇక మంగళాచరణ. మద్యపానం ఆరోగ్యానికి హానికరం అన్న వాక్యమే ఈ శాస్త్రానికి మంగళాచరణ. అది ప్రతి సీసా మీదా అచ్చై ఉంది కనుక ఇక్కడ చర్విత చర్వణం చేయడం లేదు.

ఉత్పత్తి ప్రకరణం

సూత్రం: పని జరిగినచోట నురగ పుడుతుంది.

వ్యాఖ్య: నురగను ప్రాణప్రదంగా చూసుకున్నవాళ్లు ఆంగ్లేయులు. అందువల్ల ఏల్ అనే వాళ్ల బీరుతో మొదలుపెట్టడం న్యాయం. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలక తొంగిచూడగానే వేడిగాలితో ఎండగొడతారు. అదే మాల్టు. దాన్ని పలుకులుగా మరపట్టి, 65 డిగ్రీల దాపున ఉన్న వేడినీళ్లలో గంటసేపు నాననిస్తారు. మొలకలో ఉన్న ఎంజైములు గింజలోని పిండిని ఈ గంటలో చక్కెర చేసేస్తాయి. ఆ తీపినీళ్లు వడగట్టి, పెద్ద కాగులో హాప్ పువ్వులు వేసి గంటకు పైగా మరిగిస్తారు. చేదూ వాసనా హాప్ పుణ్యమే. తర్వాత చల్లార్చి, 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఈస్టు కలుపుతారు. ఇక్కడితో మనిషి చేతులు కడుక్కుంటాడు. ఈస్టు చక్కెర తిని ఆల్కహాలు ఒకపక్క, బొగ్గుపులుసు వాయువు మరోపక్క వదలడం మొదలుపెడుతుంది.

ఏల్ ఈస్టుకు ఒక గుణం ఉంది. పని చేస్తూ చేస్తూ బుడగలతో పాటు పైకి తేలుతుంది. తొట్టి మీద జానెడు మందాన నురగ కడుతుంది. బట్టీవాడు ఆ నురగను పారబొయ్యడు. చేటతో తోడి దాచి, తర్వాతి తొట్టిలో వేస్తాడు. ఈ వారపు ఏల్‌కు పోయిన వారపు నురగే తల్లి. లాగర్ తెగ దీనికి విరుద్ధం. ఆ ఈస్టు పది డిగ్రీల చలిలో నింపాదిగా పనిచేసి, అడుగుకు దిగి పడుకుంటుంది. మన షాపుల్లో దొరికే సీసాలు దాదాపు అన్నీ ఈ అడుగు వంశానివే. అందుకే మనవాళ్లకు నురగంటే అలుసు. తల్లిని చూసిన పాపాన పోలేదు మరి.

అయితే ఈ సూత్రాన్ని రుజువు చేయడానికి ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. భీమిలి దారిలో తాటిచెట్ల కింద తెల్లవారే నిలబడితే చాలు. ఉత్తరాంధ్రలో యాత, శెగిడి, శ్రీశయన కులాలవారి చేతి విద్య ఇది. గీతగాడు మోకు బిగించి చెట్టెక్కి, గెల కొసను రోజూ పల్చగా చెక్కి, దానికి ముంత తగిలిస్తాడు. ముంతను మరీ శుభ్రంగా తోమడు. నిన్నటి కల్లు తోడు అందులో కాస్త ఉండాలి. పొద్దున్న దించేసరికి ముంత మూతిని తోసుకుని తెల్లటి నురగ, అందులో రెండు తేనెటీగలు, గుప్పెడు చీమలు, ఓ తాటిపీచు. తాటాకు డొప్పలోకి వంచగానే నురగ చిటచిటమంటుంది. తాగేవాడు డొప్పను పెదవికి ఆనించి ఒక్కసారి ఉఫ్‌మంటాడు. నురగ, చీమలతో సహా, అవతలి అంచుకు పోతుంది. ఖాళీ అయిన ఇవతలి అంచు నుంచి కల్లు లోపలికి పోతుంది. గట్టిగా ఊదితే కల్లు ఒలుకుతుంది, మెల్లగా ఊదితే చీమ కడుపులో పడుతుంది. ఈ మధ్యస్థపు ఊపిరి గురుముఖతా నేర్వవలసిందే.

ఇప్పుడు అదే ముంతకు లోపల సున్నం పూసి కట్టండి. పులియదు. దిగేది తియ్యటి నీరా. మీద నురగ ఉండదు. పని ఉంటే నురగ ఉంది, పని ఆగితే నురగ ఆగింది. తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకాలు అంటే ఇవే. వీటికి ఇంతకన్నా రుచికరమైన ఉదాహరణ దొరకదు.

మూడో దృష్టాంతం కూర్మన్నపాలెంలో ఉక్కు కర్మాగారం గేటు లోపల ఉంది. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చిన ద్రవ ఇనుములో నూటికి నాలుగు పాళ్ల దాకా కార్బన్ ఉంటుంది. స్టీల్ మెల్ట్ షాపులో కన్వర్టర్‌లోకి పైనుంచి ఆక్సిజన్ ఊదుతారు. కార్బన్ వాయువై బుడగలుగా లేస్తుంది, ఆ బుడగలకు పైనున్న స్లాగు నురగ కడుతుంది. 1600 డిగ్రీల పైన ఉడికే నురగ అది. హద్దు మీరితే కన్వర్టర్ మూతి దాటి పొర్లుతుంది, పొర్లిందంతా నష్టం. అక్కడ నురగ ఎత్తు అదుపులో పెట్టడమే ఉద్యోగం. షిఫ్టు దిగి గాజువాకలో గ్లాసు ముందు కూర్చున్న కార్మికుడు నురగ మీద విసుక్కుంటే ఏం చెప్పాలి? పొద్దంతా జీతం తీసుకున్నది దేని మీద?

భేద ప్రకరణం

సూత్రం: ఆంగ్లేయుడు రంగును బట్టి విభజించాడు, గీతగాడు గంటను బట్టి, విశాఖవాసి ఫ్రిజ్‌ను బట్టి.

వ్యాఖ్య: ఆంగ్లేయుల ఏల్ వర్ణాలు చాలా ఉన్నాయి. హాప్ తక్కువై, సాధారణంగా ముదురు రంగులో, మెత్తగా ఉండేది మైల్డ్. రాగి రంగులో చేదు తగిలేది బిట్టర్. కాల్చిన మాల్టుతో నల్లబడ్డది పోర్టర్. దానికి బలం పెంచితే స్టౌట్. ఆల్కహాలులో వైన్‌తో పోటీకి దిగేది బార్లీ వైన్. వీటిలో పోర్టర్ చరిత్ర రేవుపట్నం వాళ్లు తెలుసుకోదగ్గది. 18వ శతాబ్దపు లండన్‌లో వీధుల్లోనూ థేమ్స్ ఒడ్డునా బరువులు మోసిన కూలీలు ఇష్టపడి తాగినందువల్ల దానికి వాళ్ల పేరే నిలిచింది. మన రేవులోనూ కళాసీలున్నారు, ముఠా కూలీలున్నారు. వాళ్ల పేరున ఇంతవరకు ఒక సోడా కూడా రాలేదు. మన సీసాల మీద పిట్టలకూ, కోటలకూ ఉన్న చోటు మూట మోసినవాడికి లేదు.

ఇండియా పేల్ ఏల్ కథ వేరు. పేరులో ఇండియా ఉన్నా పుట్టుక ఇక్కడిది కాదు. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే చోటికి దగ్గరగా, లండన్ శివారు బౌలో హాడ్జ్‌సన్ అనేవాడికి బట్టీ ఉండేది. కంపెనీ కప్తాన్లకు అప్పు పెట్టి పీపాలు ఎక్కించేవాడు. 1820ల్లో బర్టన్ ఊరి బట్టీలవాళ్లు రంగంలోకి దిగి అతని వ్యాపారం లాగేసుకున్నారు. బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ. హాప్ చేదును ఆ నీళ్లు ఎత్తి చూపిస్తాయి. ఆ పీపాలు నెలల తరబడి, ఆఫ్రికా కొనను చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, మద్రాసు, కలకత్తా చేరేవి. విశాఖలో కంపెనీ కొట్టు 1682లోనే పెట్టారు గానీ రేవు తెరిచింది 1933లో. అంతదాకా ఓడ బయట లంగరేసుకునేది. సరుకంతా మసూలా పడవల మీద, మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో కుట్టిన పలకల మీద, అలల నెత్తిన ఊగుతూ ఒడ్డుకు చేరేది. ఊగిన పీపాను దించీ దించగానే తెరిస్తే ఏం జరుగుతుందో, బైకు మీద వెనక సీటువాడి ఒళ్లో తెచ్చిన సీసాను ఆత్రంగా తెరిచినవాడు ఎవడైనా చెప్పగలడు.

కల్లులో తాటి, ఈత, కొబ్బరి, ఏజెన్సీకి పోతే జీలుగు అని చెట్టు భేదాలున్నా, అసలు భేదం గంటది. పొద్దున్న తీపి, మధ్యాహ్నానికి పులుపు, రాత్రికి ఘాటు, మర్నాటికి వెనిగర్ దారి. ఒకే ముంతలో నాలుగు రకాలు వరసగా దొరుకుతాయి. అన్నీ రుచి చూడాలంటే కదలకుండా కూర్చుంటే చాలు.

ఇక విశాఖ వైన్‌షాపు వర్గీకరణ. లైటు, స్ట్రాంగు, కూలింగు, కూలింగు లేనిది. మొదటి రెండూ ఫ్యాక్టరీ నిర్ణయం, తర్వాతి రెండూ కరెంటు నిర్ణయం. ఆంగ్లేయుడి ఏల్‌ను నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచి వడ్డిస్తారు. వాడికి అది పరాకాష్ట. మే నెలలో ఇక్కడి కౌంటర్ మీద పెడితే "కూలింగ్ లేదా గురూ?" అని వెనక్కి నెట్టేస్తారు. నురగశాస్త్రం ఇద్దరికీ చెప్పేది ఒకటే. వాయువు చల్లటి ద్రవంలో అణగి ఉంటుంది, వెచ్చబడితే తన్నుకొస్తుంది. కూలింగ్ లేని సీసా అడిగి తెచ్చుకున్నవాడు నురగ మీద ఫిర్యాదు చేసే హక్కు కోల్పోతాడు.

నాడీ ప్రకరణం

సూత్రం: పీపాకు నాడి నురగే.

వ్యాఖ్య: అసలు సంప్రదాయపు ఏల్ పీపాలోకి ఎక్కాక కూడా బతికే ఉంటుంది. మిగిలిన చక్కెరను ఈస్టు అందులోనూ తింటూ ఉంటుంది. పబ్బు నేలమాళిగలో పీపాను అడ్డంగా పడుకోబెట్టి, పైనున్న బిరడాలోకి గాలి ఊరే మెత్తటి వెదురు మేకు దిగ్గొడతారు. మేకు కొసన నురగ బుడబుడ పైకి వస్తుంది. నేలమాళిగ మనిషి ఆ నురగను గుడ్డతో తుడిచి, నిలబడి చూస్తాడు. వెంటనే మళ్లీ వచ్చిందా, ఏల్ ఇంకా ఉడుకు మీద ఉంది. నింపాదిగా వచ్చిందా, దారికొచ్చింది. అప్పుడు మెత్తటి మేకు పీకి గట్టి మేకు కొట్టి, మిగిలిన వాయువును లోపలే బంధిస్తాడు. ముంజేయి పట్టుకుని కళ్లు మూసుకునే ఆయుర్వేద వైద్యుడు కూడా ఇంత నిష్ఠగా చూడడు.

నాడి కుదిరాక తేటపడాలి. అందుకు పీపాలో చేప తిత్తి వేస్తారు. చేప కడుపులో గాలి నిండే తిత్తిని ఎండబెట్టి కరిగిస్తే వచ్చే ఐసింగ్‌లాస్, ఈస్టును పోగేసుకుని అడుక్కి దింపేస్తుంది. మొదట్లో రష్యా నుంచి స్టర్జన్ చేప తిత్తి తెప్పించేవాళ్లు. ఆవిరి యంత్రాల మనిషి విలియం మర్డాక్ చవకైన కాడ్ చేపతో పని జరిపించి చూపిస్తే, లండన్ బట్టీలవాళ్లు ఆయనకు 2000 పౌండ్లు ఇచ్చారు. ఇండియా తీరంలో దొరికే తిత్తి మీద 1842లో ఫోర్బ్స్ రాయిల్ అనే కంపెనీ వైద్యుడు ఒక పుస్తకమే రాశాడు. కాబట్టి ఈ శాస్త్రంలో ఫిషింగ్ హార్బర్‌కూ వాటా ఉంది. పూడిమడక నుంచి ఉప్పాడ దాకా ఎవరి వలకైనా కచిడి చేప చిక్కిందంటే పేపర్లో పడుతుంది. ఒక్క చేప లక్షలు పలికిన సందర్భాలున్నాయి. ఆ ధర కండది కాదు, తిత్తిది.

పూర్వపక్షం: తిత్తి వేసిన ఏల్ శాకాహారమా? సమాధానం: తిత్తి ఈస్టుతో పాటు పీపా అడుగున ఉండిపోతుంది, గ్లాసులోకి రాదని బట్టీవాళ్ల వాదం. ఈ వాదం నచ్చనివాళ్ల కోసం గిన్నిస్‌తో సహా చాలామంది తిత్తి వాడటం మానేశారు. కార్తీకమాసంలో ఈ ప్రశ్నే తలెత్తదు కనుక విస్తరించడం లేదు.

మాన ప్రకరణం

సూత్రం: కొలతలో నురగ చేరునా, చేరదా?

వ్యాఖ్య: శాస్త్రానికి గుండెకాయ ఇది. ఇంగ్లండులో దీనిమీద ఉత్తర దక్షిణ భేదం ఉంది. దక్షిణాదివాడికి, ముఖ్యంగా లండన్‌వాడికి, గ్లాసు అంచుదాకా ఏల్ ఉండాలి, నురగ పల్చగా ఉంటే చాలు. యార్క్‌షైర్‌వాడికి వెన్నలాంటి చిక్కటి నురగ లేకపోతే అది ఏల్ కాదు. అందుకోసం చేతిపంపు మూతికి సన్నటి రంధ్రాల బిళ్ల బిగిస్తారు. ఒకే పీపా, ఒకే పంపు. బిళ్ల పెడితే దక్షిణాదివాడికి కోపం, తీస్తే ఉత్తరాదివాడికి.

చట్టం చెప్పే పైంటు 568 మిల్లీలీటర్లు. నురగ దిగాక కనీసం నూటికి 95 పాళ్లు ద్రవం ఉంటే చాలని అక్కడి బీరు వ్యాపారుల పద్ధతి. మిగిలిన అయిదు పాళ్లు అంటే 28 మిల్లీలీటర్లు. ఈ 28 కోసం పోరాడటానికి ఒక సంస్థ ఉందంటే మనవాళ్లు నమ్మరు. క్యామ్రా దాని పేరు. అసలు సిసలు ఏల్‌ను ఫ్యాక్టరీ బీరు మింగేస్తోందని బాధపడి నలుగురు మిత్రులు 1971లో దాన్ని స్థాపించారు. ఇంగ్లండు ఏల్‌ను రక్షించాలన్న నిర్ణయం వాళ్లు తీసుకున్నది ఐర్లండులో ఒక బారులో కూర్చుని. నిండు పైంటు వాళ్ల డిమాండ్లలో ఒకటి. అదే 1971లో, జనవరి 20న, ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఒకే ఏడు అక్కడ ఒక హక్కు, ఇక్కడ ఒక హక్కు. ఉక్కు కోసం మనం చేసినంత ఉద్యమం వాళ్లు నురగ కోసం చేశారు. ఎవరి కరువు వాళ్లది.

కుంచం తలగొట్టి కొలవాలా, రాశి పోసి కొలవాలా అని రైతుకూ షావుకారుకూ తరతరాలుగా నడిచిన పేచీయే ఇది. కాకపోతే అక్కడ రాశిలో గింజలుంటాయి, ఇక్కడ గాలి.

ఇప్పుడు జగదాంబ వ్యాజ్యానికి వద్దాం. తీర్పు రెండు విధాలు. మగ్గు లెక్కనో పిచ్చర్ లెక్కనో కొన్నవాడు నురగ మీద పేచీ పెట్టవచ్చు. వాడు కొన్నది గీతదాకా ద్రవం. సీసా కొన్నవాడి దావా మాత్రం చెల్లదు. 650 మిల్లీలీటర్లూ అప్పటికే వాడి సొత్తు. నురగగా వచ్చినా, నీరుగా వచ్చినా, కాసేపాగితే అంతా ఒకటే. పైగా లెక్క చూస్తే వాడు లాభంలో ఉన్నాడు. మామూలు సీసా బీరులో తన ఘనపరిమాణానికి రెండున్నర రెట్ల బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. అంటే 650 మిల్లీలీటర్ల బీరు కొన్నవాడికి లీటరున్నర పైచిలుకు వాయువు ఉచితం. పీపా ఏల్‌లో ఇందులో సగం కూడా ఉండదు. ఇంత కొసరు పెట్టే వ్యాపారం పూర్ణా మార్కెట్‌లో ఒక్కటి చూపించండి. బేరర్ నిర్దోషి. ఒక్క మినహాయింపు. తొందరపడి నిటారుగా పోసి, నురగ బల్ల మీదికి పొర్లిస్తే అది నష్టమే. పొర్లిన మేరకు బేరర్ బాధ్యుడు, తుడిచిన మేరకు క్షమార్హుడు.

లయ ప్రకరణం

సూత్రం: పుట్టించేది వాయువు, నిలబెట్టేది గోడ.

వ్యాఖ్య: గోళీసోడాలో వాయువుకు కొదవ లేదు. గోళీ దిగగానే భగ్గున లేస్తుంది, చూస్తుండగానే చస్తుంది. బీరు నురగ మాత్రం నిలుస్తుంది. బార్లీ ప్రొటీన్లు బుడగ చుట్టూ గోడ కడితే, హాప్ చేదు ఆ గోడను గట్టిపరుస్తుంది. సోడాకు ఈ మేస్త్రీలు లేరు.

నిలిచినా ఎంతసేపు? మ్యూనిక్ విశ్వవిద్యాలయపు ఆర్న్ట్ లైకె దీనికి జవాబు వెతికాడు. మూడు రకాల బీర్లు పోసి, నురగ ఎత్తు కాలంతో ఎలా తగ్గుతుందో కొలిచాడు. సమాన కాలానికి, మిగిలి ఉన్నదానిలో సమాన వంతు చొప్పున తగ్గుతుందని తేల్చాడు. రేడియోధార్మిక పదార్థం క్షీణించేదీ ఇదే లెక్కన. 2002లో ఆయనకు భౌతికశాస్త్రంలో ఇగ్నోబెల్ బహుమతి వచ్చింది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమానం అది. కనుక నురగశాస్త్రాన్ని చులకన చేసేవాళ్లు జర్మనీతో తేల్చుకోవాలి.

నురగకు శత్రువులు ముగ్గురు. మొదటిది బజ్జీ. నూనె అంటిన పెదవి గ్లాసును తాకగానే ఆ జిడ్డు బుడగ గోడను కూల్చేస్తుంది. చికెన్ పకోడీ, అపోలో ఫిష్ వగైరాలు దీని బంధువర్గమే. రెండోది కొబ్బరినూనె పట్టించి మెలితిప్పిన మీసం. నురగకూ మగతనానికీ పొసగదని శాస్త్రం మొహమాటం లేకుండా చెబుతోంది. మూడోది సరిగ్గా కడగని గ్లాసు. ఒంటికి జిడ్డు లేని గ్లాసులో ప్రతి గుక్క తర్వాతా నురగ ఒక వలయం విడిచిపెడుతుంది. వలయాలు లెక్కపెడితే ఎన్ని గుక్కలు తాగారో తెలుస్తుంది. మర్చిపోయేవాళ్లకు ఇది అనుకూలం, దబాయించేవాళ్లకు ప్రతికూలం. చచ్చిన నురగను లేపడానికి మనవాళ్లు చిటికెడు ఉప్పు వేస్తారు. ఉప్పు రేణువుల గరుకుదనం మీద బుడగలు కొత్తగా పుట్టి, ఒక్కసారి పైకి లేచి, మళ్లీ పోతాయి. మిగిలేది ఉప్పటి బీరు. ఈ వైద్యం రోగిని లేపి కూర్చోబెట్టి మరీ చంపేది.

సిద్ధాంతం

బట్టీవాడు నురగను విత్తనంగా చూశాడు. గీతగాడు చెట్టు పని చేస్తోందనడానికి ఆనవాలుగా చూశాడు. ఉక్కు కార్మికుడు కార్బన్ పోతోందనడానికి గుర్తుగా చూశాడు. నేలమాళిగ మనిషి నాడిగా చూశాడు. నురగలో నష్టం ఒక్కటే చూసినవాడు కొన్నవాడు. నలుగురు పనివాళ్ల సాక్ష్యం ఒకవైపు, ఒక కొనుగోలుదారు అభియోగం ఒకవైపు. కాబట్టి నురగంటే జరిగిన పనికి రసీదు అని ఈ శాస్త్రం తేల్చి చెబుతోంది. రసీదు ఇచ్చినందుకు గొడవపడే జనం మనం తప్ప మరొకరు లేరు. అడిగినా రసీదు ఇవ్వని దుకాణాల్లో నోరు మూసుకుని డబ్బు చెల్లించేదీ మనమే.

ఫలశ్రుతి

దీన్ని శ్రద్ధగా చదివిన బేరర్‌కు గ్లాసు వంచి పోసే నేర్పు అబ్బుతుంది, టిప్పు దక్కుతుంది. చదివిన గీతగాడికి, ఇదంతా తన తాత చెప్పినదేనన్న విసుగు దక్కుతుంది. తాగనివాడు చదివితే పక్కవాడి గ్లాసు మీద ఉపన్యసించే అర్హత వస్తుంది. వినేవాడు దొరకడం వాడి అదృష్టం. తాగి బండెక్కినవాడికి మాత్రం ఫలం బీచ్ రోడ్డులోనే అందుతుంది. ట్రాఫిక్ పోలీసు మూతి ముందు గొట్టం పెట్టి ఊదమంటాడు. నురగను అవతలి అంచుకు తోసిన ఆ మధ్యస్థపు ఊపిరి అక్కడ ఏ మాత్రం పనికిరాదు. గట్టిగా ఊదినా, మెల్లగా ఊదినా, ఆ కొలతలో నురగ కూడా చేరుతుంది.